ఇంగ్లీషు తప్పుల మీద జోకు ఎలా వేయాలి? ఏ దేశంలో ఏ మాట నోట రాకూడదో ఎలా తెలుసుకోవాలి?

విదేశాలకు వెళ్లే పిల్లలకు ఇంగ్లీషులో మాట్లాడటం నేర్పడం నా వృత్తి. ఇంగ్లండ్ వెళ్లిన మా విద్యార్థి ఒకడు కిందటేడు ఒక రాత్రి ఫోన్ చేశాడు. చదువుకుంటూనే ఒక గోడౌన్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాడు. ఆ రోజు టీ బ్రేక్‌లో అందరూ తిండి కబుర్లు చెప్పుకుంటుంటే ఇతనూ ఉత్సాహంగా, "మా వీధి చివర పాకీ షాపులో బిర్యానీ తిన్నాను, చాలా బాగుంది" అన్నాడట. గదిలో మాట ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న కుర్రాడు చేతిలో కప్పు బల్ల మీద పెట్టేసి, ఇతని మొహం కూడా చూడకుండా లేచి వెళ్లిపోయాడు. ఆ కుర్రాడిది పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. గంట తిరక్కుండా సూపర్‌వైజర్ లోపలికి పిలిచి, రాతలో వార్నింగ్ ఇచ్చాడు.

"సార్, అది పాకిస్తానీకి షార్ట్‌కట్టే కదా! మన టీవీల్లో రోజూ వింటాం కదా! నేను షాపుని మెచ్చుకున్నాను సార్" అని ఫోన్లో ఏడ్చేశాడు.

వాడు నిజమే చెప్పాడు. మన దగ్గర అది పొట్టి పేరు. బ్రిటన్‌లో మాత్రం ఆ మాటకి రక్తం అంటుకుని ఉంది. 1970 ప్రాంతంలో గుండ్లు గీయించుకున్న తెల్ల కుర్రాళ్ల గుంపులు దక్షిణాసియా వాళ్లను వీధుల్లో పట్టుకుని కొట్టేవి. ఆ కొట్టడానికే 'పాకీ బ్యాషింగ్' అని పేరు పెట్టుకున్నారు. కొట్టేవాడు పాస్‌పోర్టు అడగలేదు. భారతీయులూ బంగ్లాదేశీలూ కూడా ఆ పేరుతోనే తన్నులు తిన్నారు. 2002 జనవరిలో భారత్, పాకిస్తాన్ సరిహద్దులో ఉద్రిక్తత ఉన్నప్పుడు అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ కూడా ఇదే మాట మామూలుగా వాడేశారు. ఆయనకు పాకిస్తాన్ అంటే గౌరవం ఉందని వైట్‌హౌస్ తరవాత సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది. అధ్యక్షుడికే తెలియలేదంటే మా నరసరావుపేట కుర్రాడికి తెలియకపోవడంలో వింత లేదు.

మూడు నెలలు కూర్చోబెట్టి వాడికి కాలాలూ ఆర్టికల్సూ నేర్పాను. ఇది నేర్పలేదు. ఆ రాత్రి తరవాత నా క్లాసులో కొత్త పాఠం ఒకటి చేర్చాను. దాన్నే ఇక్కడ మీ కోసం వరసగా రాస్తున్నాను. మీరు చదువుకి వెళ్తున్నా, ఉద్యోగానికి వెళ్తున్నా, ఇక్కడే కూర్చుని మూడు దేశాల వాళ్లతో కాల్స్ మాట్లాడుతున్నా పనికొస్తుంది.

1. ముందు తెలుగులో తూకం వేయడం నేర్చుకోండి

ఇంగ్లీషు జోలికి పోకముందే ఇది చేయండి. ఒక కాగితం తీసుకుని మీ ఇంట్లో మామూలుగా వాడే మొరటు మాటలు అయిదు రాయండి. ఒక్కోదాని పక్కన ఎవరు, ఎవరితో, ఏ ఊళ్లో అంటే పర్వాలేదో రాయండి. ఎవరంటే గొడవవుతుందో కూడా రాయండి.

'వెధవ' తీసుకోండి. విధవ నుంచి వచ్చిన మాట. పుట్టుక చూస్తే ఒక స్త్రీ దుఃఖాన్ని తిట్టుగా మార్చుకున్నాం. అయినా తాతయ్య "వెధవా, అన్నం తిన్నావుట్రా?" అంటే మనవడికి ముద్దుగానే ఉంటుంది. అదే మాట ఆఫీసులో పై అధికారి అటెండర్‌ని అంటే యూనియన్ దాకా వెళ్తుంది. తెలంగాణలో 'పోరడు', 'పోరి' ఇంటి మాటలు. ఆ యాస తెలియని కోస్తా పెద్దాయన తన కూతుర్ని ఎవరైనా 'పోరి' అంటే ముఖం మాడ్చుకుంటాడు. శ్రీకాకుళంలో 'గుంట' అంటే పిల్ల. గుంటూరులో గుంట అంటే గొయ్యి. ఒకే భాషలో, ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరంలో ఇన్ని తేడాలున్నాయి. ఇంగ్లీషు సముద్రాలు దాటి పెరిగింది. అక్కడ తేడాలు ఎంత ఉంటాయో ఈ కాగితం చూసుకుంటే మీకే తెలుస్తుంది.

నా క్లాసులో ఈ కాగితం రాయించినప్పుడల్లా పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నవ్వనివ్వాలి. ఆ నవ్వులోనే పాఠం సగం ఎక్కేస్తుంది.

2. ఎదుటివారిది ఏ ఇంగ్లీషో కనుక్కోండి

మనం నేర్చుకున్నది బ్రిటిష్ బడి ఇంగ్లీషు. దాని మీద అమెరికా సినిమాలూ, మన ఆఫీసులూ పెళ్లి ప్రకటనలూ తలో మాటా చేర్చాయి. అందుకే మనకి మర్యాదగా వినిపించే కొన్ని మాటలు బయటికెళితే ఇబ్బంది పెడతాయి. వీటిని ముందుగా సరిచేసుకోండి.

రబ్బరు: మన పెన్సిలు పెట్టెలో ఉండేది. అమెరికాలో అదే మాటకి కండోమ్ అని అర్థం. 'ఎరేజర్' అనండి.

బ్యాక్‌సైడ్: "మా ఇల్లు గుడి బ్యాక్‌సైడ్ ఉంటుంది" అని మనం రోజూ అంటాం. అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ బ్యాక్‌సైడ్ అంటే పిరుదులు. "మీ బ్యాక్‌సైడే నించున్నాను" అని క్యాబ్ డ్రైవర్‌కి మెసేజ్ పెడితే అతను ఏమనుకోవాలి? 'బిహైండ్' అనే చిన్న మాట చాలు.

డిక్కీ: పూర్వం కారు వెనక విడిగా తెరుచుకునే సీటును ఇంగ్లండ్‌లో అలా పిలిచేవారు. సీటు పోయింది, పేరు మన దగ్గర మిగిలింది. అమెరికన్ చెవికి అది మగవాళ్ల అంగానికి మొరటు పేరులా తగులుతుంది. అమెరికాలో 'ట్రంక్', ఇంగ్లండ్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ 'బూట్'.

పాస్డ్ అవుట్: "నేను 2019లో పాస్డ్ అవుట్" అంటే డిగ్రీ పూర్తయిందని మనకి తెలుసు. అమెరికన్‌కి మాత్రం మీరు ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయారని వినిపిస్తుంది. 'గ్రాడ్యుయేటెడ్' అనండి.

హోమ్లీ: దీని దగ్గర కాస్త ఆగాలి. మన పెళ్లి ప్రకటనల్లో 'హోమ్లీ గర్ల్' అంటే ఇంటిపట్టున ఉండే నెమ్మదైన పిల్ల. ఇంగ్లండ్‌లో హోమ్లీ అంటే హాయిగా, సొంతిల్లులా ఉన్న చోటు. అమెరికాలో ఒక మనిషిని హోమ్లీ అంటే అందం లేదని అర్థం. మా దూరపు బంధువుల్లో ఒకావిడ డాలస్‌లో కోడలి స్నేహితురాళ్ల ముందు "మా కోడలు వెరీ హోమ్లీ" అని ఎంతో గర్వంగా పరిచయం చేసింది. కోడలు అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. అత్తగారి కళ్లలో ఆ మురిపెం చూసి అర్థం చేసుకుంది కాబట్టి, "అంటే నేను ఇంటిని ప్రేమిస్తానని మా అత్తయ్య ఉద్దేశం" అని వెంటనే వాళ్లకి చెప్పింది. ఆ పిల్ల చేసినట్టు చేయండి. ఎదుటి మనిషి మాట తప్పినప్పుడు ముందు ఆ మనిషి ముఖం చూడండి.

ఇక ఆ దేశాల మధ్యే ఉన్న తేడాలు. నడుముకి కట్టుకునే చిన్న పౌచ్‌ని అమెరికాలో 'ఫ్యానీ ప్యాక్' అంటారు. అక్కడ ఫ్యానీ అంటే పిరుదులు, పిల్లల ముందు కూడా అనగలిగేంత తేలిక మాట. బ్రిటన్‌లో అదే మాట ఆడవాళ్ల మర్మాంగానికి మొరటు పేరు. అందుకే అక్కడ 'బమ్ బ్యాగ్' అంటారు. ప్యాంట్స్ అమెరికాలో మనం వేసుకునే ప్యాంటే, బ్రిటన్‌లో లోదుస్తులు. ఆస్ట్రేలియాలో థాంగ్స్ అంటే కాళ్లకి వేసుకునే స్లిప్పర్లు, మిగతా చోట్ల లోపలి బట్టల్లో ఒక రకం. పిస్డ్ అంటే అమెరికన్ కోపంగా ఉన్నాడు, బ్రిటిష్‌వాడు తాగి ఉన్నాడు. ఫలానా జట్టుకి 'రూట్' చేస్తున్నానని అమెరికన్ హుషారుగా అంటాడు. ఆస్ట్రేలియాలో రూట్ అంటే శృంగారానికి మొరటు మాట. క్రికెట్ చూడ్డానికి మెల్‌బోర్న్ వెళ్తే 'బ్యారక్' చేస్తున్నాను అనండి.

3. 'బ్లడీ' లాంటి తిట్లను వినండి, వాడకండి

మన సినిమా విలన్లు ఎంతకాలంగానో నమ్ముకున్న మాట ఇది. అందుకే దాని బరువు మనకి సరిగ్గా తెలియదు. 1914 ఏప్రిల్‌లో లండన్‌లో బెర్నార్డ్ షా 'పిగ్మాలియన్' నాటకం వేసినప్పుడు నాయిక పాత్ర రంగస్థలం మీద ఈ మాట అంది. నగరమంతా దాని గురించే మాట్లాడుకుంది. వందేళ్లు తిరిగేసరికి బ్రిటన్‌లో దాని పదును చాలావరకు అరిగిపోయింది. ఆస్ట్రేలియాలోనైతే ఎప్పటినుంచో వాక్యంలో ఉప్పులా పడుతుంటుంది.

ఎంత మామూలంటే, 2006లో ఆస్ట్రేలియా పర్యాటక శాఖ తమ దేశానికి రమ్మని ప్రపంచాన్ని పిలుస్తూ తీసిన ప్రకటన చివర్లో ఈ మాట పెట్టింది. ఇన్ని ఏర్పాట్లు చేశాం, మీరెక్కడ చచ్చారు అని చనువుగా కోప్పడే ధోరణి. ఆస్ట్రేలియా వాళ్లకి అది ఆత్మీయమైన పిలుపు. బ్రిటిష్ టీవీ ఆ ప్రకటనని మొదట ఆపేసింది, మంత్రి స్థాయిలో కదిలాక కానీ ఒప్పుకోలేదు. అంతకుముందు 1999లో న్యూజిలాండ్‌లో టొయోటా వాళ్లు 'బగ్గర్' అనే ఒక్క మాట చుట్టూ ప్రకటన తీస్తే వందకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. విచారించిన మండలి తప్పేమీ లేదని తేల్చింది. పుట్టుకలో అది చాలా అసభ్యమైన మాట. ఆ దీవుల్లో "అయ్యో ఖర్మ" అన్నంత మెత్తబడిపోయింది.

మీరు గుర్తుపెట్టుకోవాల్సిన కొలత ఒకటుంది. బ్రిటన్ టీవీలో రాత్రి 9 గంటల లోపు పెద్ద తిట్లు వినిపించకూడదు. అమెరికాలో మామూలు ఛానళ్లకి ఆ గీత రాత్రి 10. కొత్త ఊళ్లో ఉన్నప్పుడు సాయంత్రం ఏడింటి కార్యక్రమంలో వినిపించని మాట మీ నోట కూడా రాకూడదు. అక్కడివాళ్లు మీ ముందు ఎంత ధారాళంగా తిట్టుకున్నా సరే. తిట్టులో రాగం ఉంటుంది, చోటు ఉంటుంది, ఎవరితో ఎంత చనువుందన్న లెక్క ఉంటుంది. పుట్టి పెరిగినవాళ్లకి అది చెవిలోనే ఉంటుంది. మన నోట అదే తిట్టు ఏ చనువూ లేకుండా మొరటుగా వచ్చి పడుతుంది.

4. మనిషి పుట్టుకని, రంగుని, శరీరాన్ని తాకే మాటల్ని వేరే పెట్టండి

పై మాటలు నోరు జారితే నవ్వుకుని సర్దుకోవచ్చు. ఇవి అలా కాదు. వీటిని జోకుల్లోకి అసలు తేవద్దు.

2008 జనవరి సిడ్నీ టెస్టు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన లక్ష్మణ్ 109 కొట్టిన మ్యాచ్. అందులో రెండు మాటల మీద రెండు ఫిర్యాదులు వెళ్లాయి. హర్భజన్ తనని 'మంకీ' అన్నాడని ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్ వైపునుంచి ఒకటి. ఆస్ట్రేలియా బౌలర్ బ్రాడ్ హాగ్ కుంబ్లేనీ ధోనీనీ 'బాస్టర్డ్స్' అన్నాడని మనవాళ్ల నుంచి మరొకటి.

ఇప్పుడు రెండు వైపులా కూర్చుని వినండి. 'బాస్టర్డ్' ఆస్ట్రేలియాలో స్నేహితుడిని కూడా పిలిచే మాట. పాపం అనదగ్గ మనిషి 'పూర్ బాస్టర్డ్'. అదే మాట మన చెవిలో పడేసరికి తల్లి శీలం మీద, పుట్టుక మీద పడ్డ నింద. ఇటువైపు 'కోతి' మనకి అల్లరి పిల్లాడు. హనుమంతుణ్ణి కొలిచే నేల మనది. ఇందులో తప్పేముందని అప్పట్లో చాలామంది వాదించారు. కానీ నల్లజాతి వాళ్లని మనుషుల కింద లెక్కకట్టకుండా కోతులతో పోల్చిన చరిత్ర శతాబ్దాలది. సైమండ్స్ కరీబియన్ మూలాలున్నవాడు. అంతకు మూడు నెలల ముందే మన స్టేడియాల్లో కొందరు ప్రేక్షకులు అతన్ని చూసి కోతి కూతలు కూశారు. ఆ గాయం పచ్చిగా ఉండగా ఆ మాట వినపడటం, వినపడిందనుకోవడం, రెండూ ఒకటే.

హర్భజన్‌కి మూడు టెస్టుల నిషేధం వేశారు. అప్పీలులో న్యూజిలాండ్ జడ్జి జాన్ హాన్సెన్ జాతి దూషణ రుజువు కాలేదని తేల్చి సగం మ్యాచ్ ఫీజు జరిమానాతో వదిలారు. అవతలి వికెట్ దగ్గరున్న సచిన్, తనకి వినపడింది హిందీలో తల్లిని తిట్టే మాట అని చెప్పాడు. హాగ్ మీద ఫిర్యాదుని కుంబ్లే వెనక్కి తీసుకున్నాడు. ఎవరు ఎవరిని ఏమన్నారో మనం ఇప్పుడు తేల్చలేం. ఒక్కటి మాత్రం చేయగలం. ఒక మాట మీద అవతలివాళ్లు బాధపడితే "మా దగ్గర అది తప్పు కాదు" అన్న వాదనని పక్కనపెట్టి, ఆ మాట వాళ్ల దగ్గర ఏ దారిన నడిచి వచ్చిందో అడగండి.

మనకి బాగా దగ్గరైన మాట ఇంకొకటి ఉంది. కూలీ. తెలుగులో దీనిలో ఏ మచ్చా లేదు. చెమటోడ్చి సంపాదించిన డబ్బు కూలి, సంపాదించినవాడు కూలీ. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ తరవాత దశాబ్దాలపాటు నాటాల్ చెరకు తోటలకి ఒప్పందం మీద వేలమందిని తీసుకెళ్లారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఎంతోమంది ఉన్నారు. తోట యజమానులు వాళ్లని పేరు పెట్టి పిలవలేదు, కూలీ అన్నారు. వాళ్ల పిల్లలు లాయర్లయినా డాక్టర్లయినా అదే మాటతో చిన్నబుచ్చారు. ఇవాళ దక్షిణాఫ్రికాలో, ట్రినిడాడ్‌లో, గయానాలో భారతీయ మూలాలున్నవాళ్లకి అది తిట్టు. మీరు డర్బన్ వెళితే, ఇంగ్లీషులో మాట్లాడుతూ పొరపాటున కూడా ఆ మాట వాడకండి. మన తాతలనే అలా తిట్టారు.

మరికొన్ని త్వరగా చెబుతాను. 'కలర్డ్' అని నల్లజాతి వాళ్లని అనడం అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ అవమానం. దక్షిణాఫ్రికాలో అది జనాభా లెక్కల్లో ఉన్న ఒక వర్గం పేరు. పెద్ద వయసు అటెండర్‌ని మనం 'ఆఫీస్ బాయ్' అంటాం. అమెరికాలో నల్లజాతి మగవాణ్ణి 'బాయ్' అంటే బానిసత్వపు రోజుల్లో పిలిచిన పిలుపే మళ్లీ పిలిచినట్టు. 'స్పాస్టిక్' ఒక వైద్యపదం, మన దేశంలో ఆ పేరుతో గౌరవంగా పనిచేస్తున్న సంస్థలున్నాయి. బ్రిటన్‌లో బడిపిల్లలు దాన్ని ఎంత క్రూరమైన వెక్కిరింతగా మార్చారంటే అక్కడి స్పాస్టిక్స్ సొసైటీ 1994లో స్కోప్ అని పేరే మార్చుకుంది. 2006లో టైగర్ వుడ్స్ తన ఆట గురించి తనే ఆ మాట పొట్టి రూపం వాడాడు. అమెరికాలో ఎవరికీ పట్టలేదు. బ్రిటన్‌లో గొడవైంది, ఆయన క్షమాపణ చెప్పాడు.

5. మీ తెలుగు వాళ్ల చెవికి ఎలా వినిపిస్తుందో కూడా ఆలోచించండి

2020లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఒక ప్రొఫెసర్, చైనా వాళ్లు మాటల మధ్యలో 'అదీ... అదీ...' అని నసిగేటప్పుడు వాడే మాట ఏదో క్లాసులో పలికి చూపించాడు. అది నల్లజాతి వాళ్ల మీద వాడే అతి నీచమైన తిట్టులా వినపడిందని విద్యార్థులు ఫిర్యాదు చేశారు. ఆయన ఆ కోర్సు నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. తరవాత విశ్వవిద్యాలయం ఆయన తప్పేమీ లేదని తేల్చింది.

మనకీ అలాంటి మాటలున్నాయి. "మా నాన్న నిగర్వి" అని లిఫ్టులో గట్టిగా చెప్పి చూడండి, పక్కనున్న అమెరికన్ చెవితో వినండి. "నిగ్గు తేల్చాలి", "ఫక్కున నవ్వింది" కూడా అంతే. ఇవి చక్కటి తెలుగు మాటలు, వీటిని మానుకోమని నేను ఎప్పుడూ చెప్పను. ఎవరైనా ఉలిక్కిపడితే మాత్రం వెంటనే తిరిగి నవ్వుతూ, మా భాషలో దీనికి గర్వం లేని మనిషి అని అర్థమండీ అని చెప్పేయండి.

అయితే 'నల్లోడు' సంగతి వేరు. అది చెవి పొరపాటు కాదు. ఎదురుగా ఉన్న మనిషిని, భాష తెలియదులే అని తెలుగులో అలా అనుకోవడం మనవాళ్లకి అలవాటైపోయింది. మీ చూపూ గొంతులో తేలికా వాళ్లకి తెలిసిపోతాయి. ఆ అలవాటు వదిలేయండి.

6. ఇప్పుడు వ్యాకరణం జోకు ఎలా వేయాలో చూద్దాం

మంచి వ్యాకరణం జోకులో ఒకే వాక్యం రెండు అర్థాలిస్తుంది. తెలుగులో మనకి ఇది చిన్నప్పటి ఆట. గుమ్మానికి కట్టేవి మావిడాకులు. మధ్యలో చిన్న ఖాళీ వదిలితే కోర్టుకెళ్లి తెచ్చుకునేవి మా విడాకులు. ఇంగ్లీషులో ఈ పని ఎక్కువగా కామా చేస్తుంది. "భోంచేద్దాం, అమ్మమ్మా" అన్న పిలుపులో కామా తీసేస్తే అమ్మమ్మనే భోంచేద్దామని అర్థం వస్తుంది.

కామా మీద నిజంగానే డబ్బు చేతులు మారింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ చెల్లించనక్కర్లేని పనుల జాబితా ఒకటి చట్టంలో ఉంది. దాని చివర 'రవాణా కోసం గానీ పంపిణీ కోసం గానీ ప్యాకింగ్' అనిపించేలా రాశారు. రవాణా తరవాత అప్పట్లో కామా లేదు. ఉంటే పంపిణీ వేరే పనిగా ఆ జాబితాలో పడేది. ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు, మేం పంపిణీ చేస్తాం తప్ప ప్యాకింగ్ చేయం, కాబట్టి మాకు ఓవర్‌టైమ్ ఇవ్వాలి అన్నారు. 2017లో అప్పీలు కోర్టు వాళ్ల వైపు తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. పాలబండి నడిపేవాళ్లు చట్టం రాసినవాళ్ల తప్పు పట్టుకుని గెలిచారు. నాకు ఈ కథంటే ప్రాణం. మీరు కూడా జోకుకి ఇలాంటి తప్పులే ఎంచుకోండి. జీతం తీసుకుని రాసినవాళ్ల తప్పు, పెద్ద బోర్డు మీద తప్పు, చట్టంలో తప్పు.

వద్దన్నవి చెబుతాను. నేర్చుకుంటున్నవాళ్ల తప్పు వద్దు. యాస వద్దు. సెలవు చీటీలు, టిఫిన్ సెంటర్ మెనూ కార్డులు ఫొటో తీసి గ్రూపుల్లో తిప్పడం వద్దు. 'ఇడ్లీ' స్పెల్లింగ్ తప్పు రాసిన మనిషి నాలుగో క్లాసులో బడి మానేసి పొయ్యి దగ్గర నిలబడి ఉండొచ్చు. ఇంగ్లండ్‌లో జాన్ రిచర్డ్స్ అని ఒక రిటైర్డ్ జర్నలిస్టు 2001లో అపాస్ట్రఫీ (') గుర్తుని కాపాడటానికి ఒక సంఘమే పెట్టాడు. దుకాణాల బోర్డుల మీద తప్పు కనిపిస్తే యజమానికి మర్యాదగా ఉత్తరం రాసేవాడు. 96 ఏళ్ల వయసులో, 2019లో, ఇక నా వల్ల కాదని సంఘం మూసేశాడు. ఆయన పంతం అందరికీ నచ్చకపోవచ్చు. తప్పు చెప్పాల్సి వస్తే ఆయనలా ఉత్తరంలోనే చెప్పండి, నలుగురిలో కాదు.

నవ్వొచ్చే తప్పుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1909 నాటిదని చెప్పే ఓఖిల్ చంద్ర సేన్ ఉత్తరం. పనసపండు తిని కడుపు ఉబ్బి, రైలు ఆగిన స్టేషన్లో బహిర్భూమికి వెళ్లాడు. గార్డు ఈల వేసేశాడు. ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో పంచె పట్టుకుని పరుగెత్తి, అందరి ముందూ పడిపోయాడు. సాహిబ్‌గంజ్ రైల్వే ఆఫీసుకి తన ఇంగ్లీషులో తానే ఫిర్యాదు రాశాడు. ఆ గార్డుకి పెద్ద జరిమానా వేయండి, లేదంటే పేపర్లకి ఎక్కిస్తాను అన్నాడు. ఆ ఉత్తరంలో కాలాలు కుదరవు, వచనాలు కుదరవు. కానీ ఏం జరిగిందో, ఎంత అవమానమైందో, ఏం కావాలో ఒక్క ముక్క కూడా అస్పష్టంగా ఉండదు. తెల్ల అధికారులు ఇలాంటి రాతల్ని 'బాబూ ఇంగ్లీష్' అని ఎగతాళి చేసిన కాలం అది. రైళ్లలో మరుగుదొడ్లు రావడానికి ఈ ఉత్తరమే కారణమని జనం చెప్పుకుంటారు. చదివి నవ్వండి. నేనూ ప్రతి ఏడాదీ క్లాసులో చదివి వినిపిస్తాను. చివరికి పిల్లలందరూ ఆయన పక్షమే అవుతారు.

జోకు పంపే ముందు రెండు పనులు చేయండి. అది నిజంగా తప్పేనా అని చూడండి. 'ప్రీపోన్' మన దగ్గర బాగా వాడుకలో ఉన్న మాట, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చోటు సంపాదించుకుంది. అమెరికన్లు అనే 'గాటెన్' తప్పు కాదు, ఒకప్పుడు ఇంగ్లండ్ వాళ్లు వాడి వదిలేసిన పాత రూపం. రెండో పని, మీరు రాసింది మళ్లీ చదువుకోండి. ఇతరుల తప్పు ఎత్తిచూపే రాతలో తప్పకుండా ఒక తప్పు దొర్లుతుందని ఆస్ట్రేలియాలో జాన్ బ్యాంగ్‌సండ్ అనే ఎడిటర్ 1992లో ఒక సూత్రం రాశాడు. మర్ఫీ సూత్రం పేరునే అక్షరాలు తారుమారు చేసి 'మఫ్రీ సూత్రం' అని పిలిచాడు.

7. అనుమానం వస్తే నిఘంటువులో గుర్తు చూడండి

అర్థం ఒక్కటే చూసి మూసేయకండి. అర్థానికి ముందు చిన్న అక్షరాల్లో 'అఫెన్సివ్', 'వల్గర్', 'డేటెడ్', 'చీఫ్లీ బ్రిటిష్' లాంటి గుర్తులు ఉంటాయి. అమెరికా మాటకి మెరియం వెబ్‌స్టర్, బ్రిటన్ మాటకి ఆక్స్‌ఫర్డ్, ఆస్ట్రేలియా మాటకి మాక్వారీ చూడండి. ఒక దేశం నిఘంటువు ఇంకో దేశం తిట్టుని తేలిగ్గా చూపించవచ్చు. వీలైతే ఆ ఊళ్లో పుట్టిన స్నేహితుణ్ణి విడిగా అడగండి, అది అన్నిటికంటే మేలు.

8. నోరు జారితే

ఆ రాత్రి మా కుర్రాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఆ మాటని మళ్లీ పలకవద్దు. "మా దేశంలో ఇది మామూలే" అని మొదలుపెట్టవద్దు. "నేను వాడిన మాట తప్పు. దాని వెనక ఉన్నదేమిటో నాకు తెలియదు, ఇప్పుడు తెలిసింది. క్షమించు." ఈ మూడు ముక్కలు చెప్పి ఆగిపోవాలి. ఏడవకూడదు, ఎందుకంటే మనం ఏడిస్తే బాధపడ్డ మనిషే మనల్ని ఓదార్చాల్సి వస్తుంది. అతను మాట్లాడకపోతే ఊరుకోవాలి.

మర్నాడు షిఫ్టు మొదలవకముందే వెళ్లి చెప్పాడట. ఆ కుర్రాడు కాసేపు ఏమీ అనలేదు. తరవాత, మా తాతయ్యని ఆ మాటతోనే బస్సులోంచి దించేశారు అని చెప్పాడట. ఇంకో వారం తరవాత టీ బ్రేక్‌లో వచ్చి పక్క కుర్చీలో కూర్చుని, బిర్యానీ తిన్న షాపు ఏ వీధిలో ఉందని అడిగాడు.